నేర్పేవాళ్ళు వెళ్ళిపోతారు

నాకు ఎవరైనా ఏదైనా నేర్పుతానంటే భయం.

మా అక్క నాకు జడ వేసుకోవడం నేర్పింది. అద్దం ముందు కూర్చోబెట్టి, చేతులు వెనక్కి పెట్టించి, పాయలు నా వేళ్ళకే అందించి, వంకరగా వస్తే విప్పించి మళ్ళీ వేయించింది. దీనికింత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను. ఆ వారంలోనే దాన్ని అత్తారింటికి పంపించారు. తొలి కాన్పుకే పోయింది. మా ఆయన ఫ్యూజు తీగ మార్చడం, కుళాయికి వాషరు వేయడం నేర్పాడు. ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకనే మనిషి, పక్కన స్టూలు మీద కూర్చుని దగ్గుకుంటూ ఒక్కొక్కటీ నా చేత చేయించాడు. ఆ చలికాలం దాటలేదు.

చదవడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. నేను కుట్టుపని చేసే మనిషిని. చొక్కాలకి పాత వార్తాపత్రికల మీద కొలతలు గీసి కత్తిరించుకునేదాన్ని. ఆ కాగితాల మీది అక్షరాలని ఒకదాన్ని దుకాణం బోర్డుతో, ఒకదాన్ని మందుసీసాతో పోల్చుకుని కూడబలుక్కున్నాను. చెయ్యి ముక్క మీద సగం వార్త ఉంటే మిగతా సగం మెడ ముక్క మీద వెతుక్కునేదాన్ని. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఆ చదువు వెనకాల ఎవరూ వెళ్ళిపోలేదు. నేను కూడా ఎవరికీ ఏదీ నేర్పను. సూదిలో దారం చూడకుండా ఎక్కిస్తాను, వీధిలో అందరికీ అదో వింత. మా కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఎలాగో చూపించమంది. నీకెందుకమ్మా, నేను లేనా, అని తప్పించుకున్నాను.

అందుకే ఆ వానాకాలం మొదట్లో మా కోడలు కంప్యూటరు ఇంటికి తెచ్చి, "అత్తయ్యా, మీకిది నేర్పుతాను" అన్నప్పుడు నా గుండెల్లో రాయి పడింది.

ఆమె ప్రెస్సులో టైపు చేసేది. జనం చేత్తో రాసిచ్చిన కాగితాలు అచ్చుకి తయారుచేసే పని. పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకి వచ్చేది. అలాంటి మనిషి ఉన్నట్టుండి ప్రెస్సుకి వెళ్ళడం మానేసి, ఇంట్లోంచే కొట్టి పంపిస్తానంది. ప్రెస్సు ఓనరు పాత కంప్యూటరొకటి గోనెపట్టా కప్పి ఆటోలో పంపించాడు. దాన్ని పెట్టడానికి నా కుట్టుమిషను గోడవైపు జరగాల్సొచ్చింది. ఎందుకు మానేశావంటే, "వానల్లో రావడం కష్టంగా ఉంది" అంది. అంతకుముందు వానలు పడలేదా, ఆమె వెళ్ళలేదా? పైకి అనలేదు. మా అబ్బాయి లారీ మీద తిరుగుతాడు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఉన్న ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతుంటే రెండోవాళ్ళకి తెలియకుండా ఉండదు.

మొదట మౌసు పట్టుకోవడం నేర్పింది. నేను దాన్ని ఇస్త్రీపెట్టెలా నొక్కిపట్టి తోశాను. బాణం స్క్రీను అంచుకి వెళ్ళి కూర్చుంది. "అణచొద్దు అత్తయ్యా, పిల్లి వీపు మీద చెయ్యి వేసినట్టు వెయ్యండి" అంది. బొమ్మ మీద గబుక్కున రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుందంది. నా వేలు ఒకసారి నొక్కి, ఆలోచించి, రెండోసారి నొక్కేది. ఆ ఆలోచించే సందులో అది తెరుచుకునేది కాదు.

ఆ తర్వాత కిటికీలు. ఏది తెరిచినా ఒక కిటికీలా వస్తుంది, పైన మూలకి చిన్న గుర్తులుంటాయి. అడ్డగీత నొక్కితే కిటికీ మాయమైంది. పోయిందా అన్నాను.

"పోలేదు అత్తయ్యా. కింద వరసలో ఉంది చూడండి. దాని మీద నొక్కండి, మళ్ళీ వస్తుంది."

నొక్కాను. వచ్చింది. నాకు ఆ కంప్యూటరులో నచ్చిన మొదటి సంగతి అదే. కనపడకపోయినంత మాత్రాన పోయినట్టు కాదట. ఇంటూ గుర్తు నొక్కితే మాత్రం మూసుకుపోతుందని చెప్పింది. అది వినగానే ఆ గుర్తు జోలికి పోకూడదనుకున్నాను. తెరిచినవన్నీ కింద వరసలో దాచేదాన్ని. కొన్నాళ్ళకి కంప్యూటరు మొరాయించింది. బాణం ఒకచోట పాతుకుపోయి కదల్లేదు. కోడలు వచ్చి స్క్రీనుకి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇన్నీ తెరిచే ఉంచారా? పెళ్ళిలో చెప్పులు విడిచినట్టున్నాయి. మూసేస్తే ఏమవుతుంది అత్తయ్యా, మళ్ళీ తెరుచుకోవచ్చుగా."

తెరుచుకోవచ్చని నువ్వంటావు, అనుకున్నాను.

ఇంత ఓపికగా ఎందుకు నేర్పుతోంది? ఎంత వద్దనుకున్నా నా ఆలోచన అక్కడికే పోయేది. ఈ వయసులో నాకు కంప్యూటరుతో ఏం పని? పోతూ పోతూ నా కాలక్షేపానికి ఏదో ఒకటి చేతిలో పెట్టి పోదామని. లేకపోతే తను వెళ్ళాక దీంట్లో కనిపించి మాట్లాడటానికి. ఇదివరకు నేర్పినవాళ్ళు కూడా ఇలాగే పక్కన కూర్చుని, ఇలాగే నవ్వి, తప్పు చేస్తే ఇలాగే మళ్ళీ చేయించారు.

అప్పటినుంచి ఆమెని కనిపెట్టడం మొదలుపెట్టాను. చూసేకొద్దీ అనుమానం పెరిగింది. మనసు ఇంట్లో లేదు. గ్లాసులోకి నీళ్ళు వంచుతూ పక్కన వంచేది. రోజూ ఉండే చోటే ఉన్న స్టూలు తన్నుకుని, మోకాలు పట్టుకుని కూర్చునేది. ఒకరోజు నేను వసారాలో గోడవారగా నిలబడి ఉన్నాను. గుమ్మం దాటి వచ్చి, నా పక్కనించే, నా చీర కొంగు తగిలేంత దగ్గరగా, పలకరించకుండా వెళ్ళిపోయింది. నేను లేనట్టే. లోపలికి వెళ్ళి "అత్తయ్యా, ఎక్కడున్నారు" అని పిలిచింది. ఎంత నటన, అనుకున్నాను.

గురువారం గురువారం బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళేది. ప్రెస్సు పని అనేది. ప్రెస్సు పనికి కాగితాలు తీసుకెళ్ళాలి కదా, ఉత్త చేతుల్తో వెళ్ళేది.

ఎదురింటి ఇస్త్రీ ఆవిడకి నోరు ఊరుకోదు. కాగే పెట్టె మీద నీళ్ళు చిలకరించినట్టు మాట్లాడుతుంది. ఆ మధ్య బట్టలు ఇవ్వడానికొచ్చి, గుమ్మంలోనే చతికిలబడి, "వదినా, నాకెందుకులే అని ఊరుకుందామనుకున్నాను" అంది. ఊరుకోదల్చుకున్నవాళ్ళు ఆ మాట అనరు. చెప్పమన్నాను. బస్టాండు దగ్గర నా కోడల్ని చూసిందట. నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఉందట, సినిమాల్లో మనిషిలా. ఎవరో మగమనిషి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడట.

"చెయ్యి పట్టుకున్నాడా, పక్కన నడిచాడా, సరిగ్గా చెప్పు" అన్నాను.

"పట్టుకున్నాడు వదినా. నా కళ్ళు చొక్కా మీద మడత చూసే కళ్ళు, చెయ్యి మీద చెయ్యి చూడలేవా?"

ఆవిడ వెళ్ళాక మడత బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. ఇస్త్రీ అంతా పోయింది.

ఆ మర్నాడే కోడలు నాకు వేరు పెట్టింది.

అంటే ఇంట్లో కాదు, కంప్యూటరులో. ఆరోజు కంప్యూటరు పెట్టగానే స్క్రీను మీద రెండు గుండ్రాలు కనిపించాయి. ఒకదాని కింద తన పేరు, ఇంకోదాని కింద 'అత్తయ్య' అని తెలుగులో రాసి ఉంది. "ఇకనుంచి మీరు మీ పేరు మీద నొక్కి లోపలికి వెళ్ళండి. మీ గది మీది, నా గది నాది" అంది.

ఒకే గుమ్మం, రెండు కాపురాలు. అలాంటి ఇళ్ళు నేను చూశాను. మొదట పొయ్యి వేరవుతుంది, తర్వాత గుమ్మం వేరవుతుంది, తర్వాత ఊరు. ఎందుకు వేరు పెట్టావని అడిగాను. గొంతు మామూలుగానే ఉంచాననుకుంటాను.

"నా దాంట్లో నేను చేసుకున్న ఏర్పాట్లు మీకు పడవు అత్తయ్యా" అంది.

నా పేరు మీద నొక్కి లోపలికి వెళ్ళి చూస్తే ఏముంది, నీలం గోడ, మూలన చెత్తబుట్ట. వేరు పెట్టినవాళ్ళు ఎంత పిసినారులైనా నాలుగు గిన్నెలిస్తారు. నాకు చెత్తబుట్ట ఇచ్చింది. పారేసినవన్నీ దాంట్లోనే ఉంటాయని, బుట్ట ఖాళీ చేయనంతవరకూ వెనక్కి తెచ్చుకోవచ్చని చెప్పింది. నేను దాన్ని ఎప్పుడూ ఖాళీ చేయలేదు.

ఆరోజే సెట్టింగులు కూడా నేర్పింది. పళ్ళచక్రం గుర్తు నొక్కాలి. కుట్టుమిషనులో కూడా పళ్ళచక్రం ఉంటుంది కాబట్టి ఆ గుర్తు నాకు బాగా పట్టుబడింది. లోపల భాష తెలుగులోకి మార్చింది. నా వేలు ఆలోచించుకోవడానికి వీలుగా, రెండు నొక్కుల మధ్య వ్యవధి పెంచింది. తర్వాత అక్షరాల పేజీ తెరిచింది. అడ్డంగా ఒక గీత, గీత మీద ఒక చుక్క. చుక్కని పట్టుకుని కుడివైపు లాగుతుంటే అక్షరాలు పిండి పొంగినట్టు పొంగాయి. లాగమంది. గీత మధ్యకొచ్చేసరికి కళ్ళజోడు లేకుండా చదవగలిగాను.

"ఇక్కడ చాలా?" అంది.

"చాలు. ఇంకా చాలా దూరం ఉందే, ఆ చివరిదాకా ఎవరికి కావాలి?" అన్నాను.

ఆమె బాణం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు కాసేపు మౌసుని గుండ్రంగా తిప్పి, పేజీ మూసేసింది.

అబ్బాయి వచ్చినప్పుడు కదిపి చూశాను. అన్నం తింటున్నాడు. కోడలు పెరట్లో ఉంది. గురువారాల సంగతి చెప్పాను, కళ్ళజోడు సంగతి చెప్పాను, చెయ్యి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. వాడు కోప్పడతాడనుకున్నాను, ఆశ్చర్యపోతాడనుకున్నాను. కంచంలోంచి తల ఎత్తకుండా, "తను నేర్పేదేదో శ్రద్ధగా నేర్చుకో అమ్మా" అన్నాడు. చెయ్యి కడుక్కుని, బయటికెళ్ళి లారీ టైర్లు తట్టి చూసుకుంటూ నిలబడ్డాడు. బాగున్న టైర్లనే మళ్ళీ మళ్ళీ తట్టాడు. అయితే వాడికీ తెలుసన్నమాట. ఇద్దరూ కలిసే ఎక్కడికో పోతున్నారు, నన్ను ఈ డబ్బాతో వదిలేసి. ఆ ఆలోచన మగమనిషి చెయ్యి కన్నా భారంగా ఉంది.

తర్వాతి గురువారం ఆమె బస్సుకి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

రెండు గుండ్రాలు వచ్చాయి. వానచినుకులు రేకు మీద పడుతున్నాయి. ఆమె పేరు మీదకి బాణం తీసుకెళ్ళాను. తాళం ఉంటుందని తెలుసు. తాళం పెట్టుకోవడం ఎలాగో నాకు చెప్పింది, రహస్యపు మాటొకటి పెట్టుకోవచ్చని. మనిషి అన్నాక దాచుకునేవాటికి తాళం పెట్టుకోదా? అయినా నొక్కాను. ఏం మాట పెట్టుకుని ఉంటుందో, మా అబ్బాయి పేరో, ఇంకెవరి పేరో, ఒక్కొక్కటీ కొట్టి చూద్దామనుకున్నాను.

ఏ మాటా అడగలేదు. తెరుచుకుంది.

స్క్రీను చెడిపోయిందనుకున్నాను. అంతా నల్లగా ఉంది, పలక లాగ. ఆ నలుపు మీద తెల్లటి అక్షరాలు, ఒక్కొక్కటీ నా బొటనవేలంత. బాణం నా బాణంలా సన్నంగా లేదు. సున్నం వేసినట్టు లావుగా, తెల్లగా, కత్తెరంత ఉంది. కదిలిస్తే వెనకాల తోక వేసుకుంటూ వచ్చింది, ఎటు వెళ్ళిందో తెలిసేలా.

నేను వెతకడానికి వచ్చినవి వెతికాను. ఫోటోలు లేవు. ఎవరికో రాసుకున్నవి లేవు. ప్రెస్సు కాగితాలే, ఎవరివో పాఠాలు, ఎవరివో కరపత్రాలు. ఒకటి తెరిస్తే స్క్రీను నిండా నాలుగు మాటలే పట్టాయి. ఇంత పెద్ద అక్షరాలతో ఎలా పని చేస్తోందా అనిపించింది. నా కోసం పెట్టిందేమో, మళ్ళీ తగ్గించడం మరచిపోయిందేమో అనుకున్నాను. ఇలాంటప్పుడు మనసు ఎన్ని దారులైనా వెతుక్కుంటుంది.

పళ్ళచక్రం నొక్కాను. లోపల ఇంగ్లీషులో ఉంది, చదవలేను. అయినా వరస తెలుసు, ఎన్నోదో తెలుసు. గీత ఉన్న పేజీ వచ్చింది.

చుక్క ఈ చివర లేదు, మధ్యలో లేదు. ఆ చివర ఉంది. పట్టుకుని కుడివైపు లాగి చూశాను. కదల్లేదు. అక్కడితో గీత అయిపోయింది.

చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. పక్కన ఒంపిన నీళ్ళు, స్టూలు, వసారాలో నా పక్కనించే వెళ్ళిపోవడం, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాల్సిన ప్రెస్సు పని, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. నేను కింద వరసలో దాచుకున్న కిటికీల్లాగ.

గొడుగు తీసుకుని బస్టాపుకి వెళ్ళాను. చాలా బస్సులు వచ్చి వెళ్ళాయి. చివరికి దిగింది. నల్ల కళ్ళజోడుంది. కాలితో మెట్టు అంచు తడుముకుని దిగింది. పక్కకి వెళ్ళబోయి, మళ్ళీ ఆగి, చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"అత్తయ్యా? మీరేంటి ఇక్కడ?"

"వాన కదా, గొడుగు తెచ్చాను" అన్నాను. చెయ్యి అందించాను. పట్టుకుంది. దారిలో గుంట వస్తే గుంట అన్నాను, రాయి వస్తే రాయి అన్నాను. ఇస్త్రీ ఆవిడ పెట్టె చేతిలో పట్టుకుని మా ఇద్దరి చేతుల వైపూ చూసింది. బాగా చూసుకోమన్నట్టు మెల్లగానే నడిచాను.

ఇంట్లోకి వచ్చేసరికి స్క్రీను అలాగే వెలుగుతోంది, నల్లగా. మూయడం నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా మూసేదాన్ని కాదేమో. కోడలు గుమ్మంలో ఆగింది. ఆ తెల్ల అక్షరాలు అంత దూరానికీ తెలిశాయనుకుంటాను.

"తాళం పెట్టుకోలేదేం?" అన్నాను.

"ఎవరికి పెట్టాలి అత్తయ్యా?"

కూర్చుంది. నేను స్టూలు లాక్కుని ఆమెకి ఎదురుగా వేసుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పింది. పక్కల నుంచి మూసుకొస్తోందట, ఎదురుగా ఉన్నది మాత్రం ఇంకా కొంచెం కనపడుతోందట. చీకటి పడితే అదీ లేదు. గురువారాలు కంటాసుపత్రిలో చుక్కలు వేసి చూస్తారట, ఆ మందు దిగేదాకా వెలుతురు భరించలేదట. ఆగుతుందా అని అడిగితే, మెల్లగా ముదురుతుందన్నాడట డాక్టరు. ఆగుతుందనలేదు.

చెయ్యి పట్టుకున్నది ఎవరని అడిగాను. అడగకపోతే ఆ ముల్లు అలాగే ఉండిపోతుంది.

"ఎవరో తెలీదు అత్తయ్యా. రోడ్డు దగ్గర నిలబడిపోతే దాటించాడు. మొహం కూడా కనపడలేదు. మంచాయనే."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు నేర్చుకోవడం మానేసి ఏడుస్తారు. ముందు నేర్పేద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాం. కాగితాలు మీరు చదవాలి, నేను కొడతాను. వేళ్ళకి కళ్ళక్కర్లేదు. కొట్టింది సరిగ్గా వచ్చిందో లేదో స్క్రీను మీద చూసి మీరే చెప్పాలి. ఎక్కడ పెట్టామో మీరే వెతికి తియ్యాలి. ఇంట్లో చదివేవాళ్ళు ఇంకెవరున్నారు?" కాస్త ఆగి, నా మొహంలోకి సూటిగా చూసింది. "ఏమనుకున్నారు, వెళ్ళిపోతాననుకున్నారా?"

నేను ఆమె చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని నా కొంగుతో మళ్ళీ తుడిచాను.

"ఎక్కడికి పోతాను అత్తయ్యా, తోవ కనపడొద్దూ" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. లేచి, కుట్టుమిషను సొరుగులోంచి సూది, దారపుండ తీశాను. నేర్పేవాళ్ళు వెళ్ళిపోతారన్నది నా నమ్మకం. అది ఇప్పటికీ పోలేదు. అయితే ఈ ఇంట్లో ముందు వెళ్ళవలసిన వరస నాది. ఆ వరస ప్రకారం నేర్పవలసింది కూడా నేనే. ఇన్నాళ్ళూ అది తప్పించుకు తిరిగాను.

సూది ఆమె చేతిలో పెట్టాను. దారం కొన తడిచేసి, రెండు వేళ్ళ మధ్య పైకి కనపడీ కనపడకుండా బిగించి పట్టుకోమన్నాను. దారాన్ని సూదికి తీసుకెళ్ళకూడదు, సూదినే దించి దారం మీదకి తేవాలి. సూది బెజ్జం ఎటుందో వేలికి తెలుస్తుంది, ఆత్రపడకూడదు.

"కళ్ళు మూసుకో" అన్నాను.

"మూసుకోవడం ఎందుకు, ఇంకా కనపడుతోంది కదా."

"కనపడుతుండగానే నేర్చుకోవాలి. నేను కూడా మూసుకుంటాను."

మూసుకున్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె వేళ్ళ మీద నా వేళ్ళున్నాయి. ఒకసారి తప్పింది. మళ్ళీ తడిచేయమన్నాను. మళ్ళీ తప్పింది. విసుగు రాలేదు నాకు. అంత ఓపిక మా అక్కకి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

"ఎక్కిందా అత్తయ్యా?" అంది.

నేను కళ్ళు తెరవలేదు.

"లాగి చూడు" అన్నాను.